మిషన్ మీద కూర్చుంటే ఇజ్జత్ వాపస్ వస్తుందా?

మన ఇళ్లలో పిల్లలకు చిన్నప్పుడే వినిపించే మాట ఒకటుంది: ‘కర్ నహీ తో డర్ నహీ’. తప్పు చేయనప్పుడు భయం దేనికి అని. స్కూల్లో పెన్సిల్ పోయినప్పుడు, పక్కింటి చెట్టు మీద జామకాయలు మాయమైనప్పుడు ఈ మాట బాగానే పనిచేస్తుంది. ఠాణాలో పనిచేయదు. ‘లై డిటెక్టర్ టెస్టుకి రెడీనా?’ అని అక్కడ ఎవరైనా అడిగితే, ఈ సామెతే మన పిల్లవాడి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ఆ కుర్చీలో కూర్చోబెడుతుంది.

ఈ మధ్య మహబూబ్‌నగర్ వైపు నుంచి మాకు దూరపు రిష్తా ఉన్న ఒక ఆపా ఫోన్ చేశారు. ఆమె కొడుకు ఒక బట్టల షాపులో క్యాష్ కౌంటర్ మీద ఉంటాడు. రంజాన్ సీజన్‌లో ఒక రాత్రి గల్లాలో పెద్ద మొత్తమే తక్కువొచ్చింది. సేఠ్ పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాడు. ఆరుగురు పనివాళ్లను పిలిచి అడిగారు. ఈ అబ్బాయిని మాత్రం మూడుసార్లు పిలిచారు. పిలుపులన్నీ ఫోన్ మీదే, చేతికి కాగితం ముక్క ఇవ్వలేదు. మూడోసారి వెళ్లినప్పుడు మెల్లగా, మంచి మాటలాగే చెప్పారట. ‘టెస్ట్ చేయించుకో బాబూ, క్లియర్ అయిపోతావు. వద్దంటే షక్ నీ మీదే ఉంటది, నీ ఇష్టం.’

ఆ రాత్రి ఇంట్లో పంచాయితీ. మామూలు ఇద్దరు వచ్చారు, ఫూఫా వచ్చారు, మస్జిద్ కమిటీ నుంచి ఒక పెద్దమనిషి వచ్చారు. అందరి మాటా ఒకటే: వెళ్లి చేయించుకో, దూధ్ కా దూధ్ పానీ కా పానీ అయిపోతుంది. అబ్బాయి ఒక్కడే ఏమీ మాట్లాడలేదట. ఆపా ఫోన్‌లో నాతో అన్నదీ అదే. ‘మేరే బచ్చే నే కుచ్ నై కరా భాయ్. మిషన్ బోల్ దేగీ నా?’

మిషన్ చెప్పేస్తుంది కదా, అని ఆమె ఉమ్మీద్. అయితే మిషన్ ఏమీ చెప్పదు. చెప్పేది మిషన్ పక్కన కూర్చున్న మనిషి. ఈ తేడా తెలియకుండా మన ఖాందాన్లలో ఎవరూ ఆ టెస్టుకి ‘హా’ అనకూడదని నా రాయ్. నేను వకీల్‌ని కాను. ఇరవై ఏళ్లుగా ఠాణాలు, కోర్టుల చుట్టూ వార్తల కోసం తిరిగినవాణ్ని. ఆ అనుభవంతోనే రాస్తున్నాను.

ముందు ఆ మిషన్ సంగతి. పాలిగ్రాఫ్ అంటే సచ్, ఝూట్ పట్టుకునే తరాజు కాదు. చేతికి బీపీ పట్టా కడతారు. ఛాతీకి, పొట్టకి గొట్టాల్లాంటి పట్టీలు చుడతారు, ఊపిరి కోసం. వేళ్లకు చిన్న క్లిప్పులు పెడతారు, చెమట కోసం. గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోంది, ఊపిరి ఎలా మారింది, చర్మం మీద తడి ఎంత పెరిగింది అన్నవి గీతలుగా వస్తాయి. అంతే. గుండె దడదడలాడిందని మిషన్‌కి తెలుస్తుంది. ఎందుకు దడదడలాడిందో దానికి తెలియదు. అబద్ధం చెబితే దడ వస్తుంది, నిజమే. అమ్మీ ఇంట్లో ఏడుస్తోందని గుర్తొచ్చినా వస్తుంది. పోయిన వారం ఠాణాలో ఎవరో చెయ్యెత్తిన సంగతి గుర్తొచ్చినా వస్తుంది.

సవాళ్లు అడిగే పద్ధతిలో ఒక తమాషా ఉంది, ఇది చాలామందికి తెలియదు. ‘గల్లాలో డబ్బు నువ్వు తీశావా?’ అనే అసలు ప్రశ్న పక్కన, ‘నీది కాని వస్తువు జీవితంలో ఎప్పుడైనా తీసుకున్నావా?’ లాంటి ప్రశ్న ఒకటి కలుపుతారు. ఎక్కువగా వాడే పద్ధతి ఇదే. దీని వెనక లెక్క ఏమిటంటే, దొంగకి అసలు ప్రశ్న దగ్గర గీత లేస్తుంది, బేకసూర్‌కి రెండో ప్రశ్న దగ్గర లేస్తుంది. అంటే మన పిల్లవాడు నిర్దోషి అని తేలాలంటే, చిన్నప్పుడు దొంగిలించిన జామకాయ గురించి పడే కంగారు, ఇప్పుడు తన మీద పడ్డ చోరీ ఇల్జామ్ గురించి పడే కంగారు కన్నా ఎక్కువ ఉండాలి! ఉద్యోగం పోయేలా ఉంది, మంగ్నీ అయిన పిల్ల వాళ్లింటి నుంచి ఫోన్లు ఆగిపోయాయి, అబ్బాకి షుగర్ పెరిగింది. ఇన్ని నెత్తిన ఉన్న పిల్లవాడికి ఏ ప్రశ్న దగ్గర గీత లేస్తుందో మీరే చెప్పండి.

ఆపాకి మాత్రం ఇది ఖురాన్ మీద చెయ్యి పెట్టి కసమ్ తిన్నట్టు అనిపించింది. చాలామంది పెద్దవాళ్లకూ అలాగే అనిపిస్తుంది. నేను ఆమెతో అన్నాను: కసమ్‌లో మనిషి మాట ఉంటుంది, మాటకు అల్లాహ్ గవాహ్. ఇక్కడ మనిషి మాటకు విలువే లేదు, చెమటకు ఉంది. మన ఫిఖహ్‌లో కూడా దావా చేసినవాడే సబూత్ తేవాలి, కాదన్నవాడు కసమ్ చేస్తే చాలు. కాదన్నవాడి నాడి పట్టుకుని చూడమని లేదు.

అమెరికాలో ఓహియో రాష్ట్రంలో 1978లో ఒకతని మీద ఖూన్ కేసు పడింది. అతను చేయలేదు. ప్రభుత్వ వకీల్ ఒక సౌదా పెట్టాడు. పాలిగ్రాఫ్ పాసైతే కేసు తీసేస్తాం, ఫెయిలైతే ఆ రిపోర్టు కోర్టులో వాడుకుంటాం. కర్ నహీ తో డర్ నహీ అన్నట్టే అతనూ ఒప్పుకున్నాడు. ఫెయిలయ్యాడు. ఇంకోసారి పెట్టారు, మళ్లీ ఫెయిల్. ఉమర్ ఖైద్ పడింది. రెండేళ్ల తర్వాత అసలు వాళ్లు బయటపడితే గానీ అతను జైలు నుంచి బయటికి రాలేదు. దీనికి తలకిందులైన కథలు కూడా ఉన్నాయి. సియాటెల్ ప్రాంతంలో వరసగా ఆడవాళ్లను చంపిన గ్యారీ రిడ్జ్‌వే 1984లో పాలిగ్రాఫ్ సాఫీగా పాసయ్యాడు. 2001లో డీఎన్ఏ ఆధారంతో దొరికాడు, 2003లో 48 హత్యలు ఒప్పుకున్నాడు. సీఐఏలోనే పనిచేస్తూ సోవియట్లకు రాజ్ అమ్ముకున్న ఆల్డ్రిచ్ ఏమ్స్ 1986లో, 1991లో రెండుసార్లు పాసయ్యాడు. ఆ మిషన్‌ని దునియాకి నేర్పిన అమెరికాలోనే, ఉద్యోగులకు ప్రైవేటు కంపెనీలు ఈ టెస్టు పెట్టడాన్ని 1988లో చట్టం చేసి చాలా వరకు ఆపేశారు. మన దగ్గర సేఠ్‌లే ‘టెస్ట్ చేయించండి సార్’ అని ఠాణాలో అడుగుతున్నారు.

ఇక కానూన్. ఇది ప్రతి ఇంట్లో తెలిసి ఉండాలి.

2010 మే 5న సుప్రీంకోర్టు ‘సెల్వి వర్సెస్ కర్ణాటక’ కేసులో ఫైసలా ఇచ్చింది. చీఫ్ జస్టిస్ కె.జి. బాలకృష్ణన్, జస్టిస్ రవీంద్రన్, జస్టిస్ పంచాల్‌ల బెంచ్. లై డిటెక్టర్, నార్కో, బ్రెయిన్ మ్యాపింగ్, ఈ మూడింటిలో ఏదీ మనిషి రజామంది లేకుండా చేయకూడదని చెప్పింది. ముల్జిమ్‌కే కాదు, అనుమానితుడికీ, గవాహ్‌కీ ఇదే వర్తిస్తుంది. తన మీద తానే గవాహీ చెప్పుకోమని ఎవరినీ బలవంతపెట్టకూడదన్న రాజ్యాంగం 20(3) ఆర్టికల్, జీవించే హక్కు ఇచ్చే 21వ ఆర్టికల్ దీనికి బునియాద్.

అంతటితో ఆగలేదు. ఒకవేళ మనిషి తనంతట తాను ఒప్పుకుంటే ఎలా చేయాలో కూడా చెప్పింది. మానవ హక్కుల కమిషన్ 2000లోనే రాసిన నియమాలను ఖచ్చితంగా పాటించమంది. వాటి ప్రకారం ఒప్పుకునేవాడికి వకీల్ దొరకాలి. ఆ టెస్టు వల్ల ఒంటికి, మనసుకి, కేసుకి ఏమవుతుందో పోలీసులూ వకీలూ అతనికి విడమరిచి చెప్పాలి. రజామంది ఠాణాలో కాదు, మేజిస్ట్రేట్ ముందు రికార్డు కావాలి, అప్పుడూ వకీల్ పక్కన ఉండాలి. ఎన్ని రోజులు నిర్బంధంలో ఉంచారు, ఎలా విచారించారు అన్నది మేజిస్ట్రేట్ చూడాలి. నువ్వు చెప్పేది పోలీసులకు చెప్పినట్టే తప్ప మేజిస్ట్రేట్ ముందు చేసిన ఇక్బాల్ కాదని అతనికి తేటగా చెప్పాలి. టెస్టు చేసేది పోలీసులు కాకుండా వేరే స్వతంత్ర సంస్థ అయి ఉండాలి, అక్కడా వకీల్ ఉండాలి. ఇన్ని మెట్లు ఉన్నాయి. మన ఆపా కొడుకు విషయంలో ఒక్క మెట్టు గురించీ ఎవరూ మాట్లాడలేదు. ‘రేపు పదింటికి రా, సంతకం పెట్టు’ అన్నారు, అంతే.

అసలు విషయం ఇంకోటి ఉంది. ఇష్టపడి చేయించుకున్నా సరే, ఆ రిపోర్టు కోర్టులో సబూత్‌గా చెల్లదు. సెల్వి తీర్పే ఆ మాట చెప్పింది. టెస్టులో బయటపడ్డ మాటను పట్టుకుని పోలీసులు వెళ్లి ఏదైనా వస్తువు కనుక్కుంటే, అది మాత్రం సబూత్‌గా వాడుకోవచ్చు. పాత ఎవిడెన్స్ చట్టంలో 27వ సెక్షన్ ఇదే. 2024 జూలై నుంచి కొత్త సాక్ష్య అధినియమ్‌లో 23వ సెక్షన్‌లోకి వెళ్లింది. మరి ‘నువ్వు క్లియర్ అయిపోతావు’ అన్న మాట ఏమైనట్టు? అదాలత్‌లో పాసైన కాగితం చూపించి బయటపడే దారి లేదు. దర్యాప్తు అధికారి మనసులో మాట మారితే మారొచ్చు, మారకపోనూ వచ్చు. ఫెయిలైతే మాత్రం, లేదా ‘స్పష్టత లేదు’ అని వస్తే, ఆ సంగతి సాయంత్రానికి షాపుకి చేరుతుంది, ఇషా లోపల మొహల్లాకి చేరుతుంది.

నన్ను బాగా కలవరపెట్టేది ఇదే. అదాలత్‌లో చెల్లని కాగితం మన గల్లీలో ఆఖరి ఫైసలా అవుతుంది. కోల్‌కతా ఆర్జీ కర్ ఆస్పత్రి కేసులో 2024 ఆగస్టులో ముల్జిమ్‌కి పాలిగ్రాఫ్ చేశారు. లోపల ఏం చెప్పాడో ‘వర్గాల సమాచారం’ పేరుతో టీవీలన్నీ గంట గంటకీ చెప్పాయి. తర్వాత సీబీఐ నార్కో కూడా అడిగితే అతను ఒప్పుకోలేదు, కోర్టు సరే అంది. 2025 జనవరిలో శిక్ష పడినప్పుడు తీర్పు నిలబడింది డీఎన్ఏ లాంటి ఆధారాల మీదే. మిషన్ గీతల మీద కాదు. అంత పెద్ద కేసులో కూడా ఆ టెస్టు మిగిల్చింది టీవీల రచ్చే.

ఉర్దూ మీడియంలో చదివి, తర్వాత తెలుగులో డిగ్రీ చేసినవాణ్ని కాబట్టి మాటల దగ్గర ఆగిపోవడం నాకు అలవాటు, మాఫ్ చేయండి. ఉర్దూలో ముల్జిమ్ వేరు, ముజ్రిమ్ వేరు. ఇల్జామ్ మోస్తున్నవాడు ముల్జిమ్, జుర్మ్ చేసినవాడు ముజ్రిమ్. మన వాడకంలో ఆ రెండూ ఎప్పుడో కలిసిపోయాయి. తెలుగులో ఇంకా చిత్రం. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు. అదే మాట తెలుగు కోర్టుల్లో ముద్దాయి అయ్యేసరికి, ఎవరి మీద దావా పడిందో వాడు. ‘ముద్దఆ అలైహ్’లో రెండో సగం దారిలో ఎక్కడో జారిపోయి ఉంటుంది. ఫిర్యాదు చేసినవాడి పేరు ఫిర్యాదు మోసేవాడికి తగిలించిన భాష మనది. అలాంటి చోట పిల్లవాడు తానే సబూత్ తేవాలి అని పెద్దలు అనుకోవడంలో వింతేముంది?

హైదరాబాద్‌లో 2007 మే 18 గుర్తున్నవాళ్లకు ఇదంతా కొత్త కాదు. మక్కా మస్జిద్‌లో జుమ్మా రోజు పేలుడులో 9 మంది పోయారు, ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో మరో ఐదుగురు. ఆ తర్వాతి నెలల్లో పాతబస్తీ నుంచి డజన్ల కొద్దీ నౌజవాన్లను ఎత్తుకెళ్లారు. కొందరిని నార్కో టెస్టులకు బెంగళూరు పంపారు. ఆ రోజుల్లో ఆ ల్యాబ్‌లో ఇలాంటి టెస్టులతో దేశమంతా పేరు మోగిన అధికారిణిని 2009లో ఉద్యోగం నుంచి తీసేశారు, కారణం నకిలీ సర్టిఫికెట్లు. మన పిల్లలు మాత్రం కోర్టుల్లో ఒక్కొక్కరే బరీ అయ్యారు. రాష్ట్ర మైనారిటీ కమిషన్ తరఫున విచారించిన వకీల్ రిపోర్టులో హింస సంగతి ఎక్కింది. ప్రభుత్వం తర్వాత కొందరికి 3 లక్షలు, కొందరికి 20 వేలు ముఆవజా ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ ముఆవజా చెల్లదంది. తర్వాత వేరేవాళ్ల మీద నడిచిన అదే కేసులో 2018 ఏప్రిల్‌లో ఐదుగురినీ ప్రత్యేక కోర్టు వదిలేసింది. ఇంతకీ ఆ బాంబు ఎవరు పెట్టారన్నది ఏ మిషనూ చెప్పలేదు.

సెల్వి తీర్పు వచ్చింది ఆ పిల్లల్ని ఎత్తుకెళ్లిన మూడేళ్లకి. అప్పుడు వాళ్లకు లేని ఢాల్ ఇప్పుడు మనకు ఉంది. చేతిలో ఢాల్ ఉన్నా ఎత్తకపోవడం మన పని కాకూడదు.

ఇక్కడ ఎవరైనా నన్ను ఒక సవాల్ అడగొచ్చు. అడగాలి కూడా. నజీబ్ సంగతేమిటి? జేఎన్‌యూ విద్యార్థి నజీబ్ అహ్మద్ 2016 అక్టోబర్ 15న హాస్టల్ నుంచి కనబడకుండా పోయాడు. అంతకుముందు రాత్రి అతనితో గొడవపడ్డారన్న విద్యార్థులు తొమ్మిది మందికి పాలిగ్రాఫ్ చేయాలని దర్యాప్తు సంస్థ కోర్టును అడిగింది. వాళ్లు ఒప్పుకోలేదు. కోర్టు బలవంతం చేయలేదు, చేయడానికి వీల్లేదు. నజీబ్ అమ్మీ ఫాతిమా నఫీస్ ఏళ్లపాటు ఢిల్లీ వీధుల్లో బిడ్డ ఫొటో పట్టుకుని నిలబడ్డారు. 2025 జూన్‌లో కోర్టు ఆ కేసు మూసివేతకు ఒప్పుకుంది. అప్పట్లో మనవాళ్లు ఎంతమంది అన్నారు, ‘బేకసూర్ అయితే టెస్టుకి ఎందుకు రారు?’ అని! ఆ మాట విన్నప్పుడు నాకూ నోట్లో అదే మాట వచ్చింది. ఆ తల్లి మొహం చూసినవాడికి ఎవరికైనా వస్తుంది.

కానీ ఆ మాటను మన ఆపా కొడుకు మీద పెట్టి చూడండి. సరిగ్గా ఆ మాటే ఠాణాలో అతనితో అన్నారు. ఆ తొమ్మిది మంది గురించి నా మనసులో ఏముందో అది నా దగ్గరే ఉంటుంది. వాళ్లు ‘నహీ’ అన్నందుకే వాళ్లను ముజ్రిమ్ అనే అధికారం నేను తీసుకుంటే, రేపు మన పిల్లవాడి ‘నహీ’ని కాపాడే ముఖం నాకు ఉండదు. నజీబ్ విషయంలో అడగాల్సింది వేరే ఉంది. మొదటి రోజుల్లో తహకీకాత్ ఎంత జోరుగా జరిగింది, ఫోన్లు ఎప్పుడు స్వాధీనం చేసుకున్నారు, ఎవరిని ఎప్పుడు అడిగారు అని. మిషన్ దొరకలేదు కాబట్టి ఇన్సాఫ్ దొరకలేదు అనుకోవడం దర్యాప్తు చేయాల్సినవాళ్లకు మనం ఇచ్చే పెద్ద మాఫీ.

ఆపా కొడుకు విషయానికి వస్తే, మర్నాడు వాణ్ని నేరుగా ఫోన్‌లోకి రమ్మన్నాను. ‘నీకేమనిపిస్తోంది బేటా?’ అంటే, కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, ‘మామూ, నాకు టెస్టు అంటే భయం లేదు. వద్దంటే ఇంట్లో ఏమనుకుంటారో అని భయం.’ నాకు ఆ మాట ఇంకా చెవుల్లో ఉంది. సుప్రీంకోర్టు బలవంతం గురించి రాసినప్పుడు లాఠీని, లాకప్‌ని చూసింది. మేజిస్ట్రేట్ ముందు నిలబడి ‘నా ఇష్టంతోనే’ అని చెప్పే పిల్లవాడి వెనక సోఫాలో కూర్చున్న ఇద్దరు మామూలు, ఒక ఫూఫా ఏ మేజిస్ట్రేట్‌కీ కనపడరు. ‘నువ్వు వద్దన్నావంటే నీలో ఏదో ఉన్నట్టే’ అని అబ్బా అన్నాక పిల్లవాడు పెట్టే సంతకం రజామంది ఎలా అవుతుంది? ఇంట్లోనే సగం ఇక్బాల్ చేయించి ఠాణాకి పంపుతున్నాం మనం.

వద్దన్నందుకు ఖర్చు ఏమీ ఉండదని నేను అబద్ధం చెప్పను. వాళ్ల ఊళ్లోనే ఒక వకీల్‌ని కలిశారు. ఆయన సలహాతో అబ్బాయి రెండు వాక్యాల చిట్ఠీ ఇచ్చాడు. సేఠ్ ఆ నెలే పని మాన్పించాడు. ఠాణా నుంచి ఇంకో రెండుసార్లు పిలుపు వచ్చింది, ఈసారి నోటీసు మీద. వకీల్ వెంట వెళ్లాడు, అడిగినవాటికి జవాబు చెప్పాడు, వచ్చాడు. కేసు ఇంకా తేలలేదు. అబ్బాయి ఇప్పుడు వేరే ఊళ్లో ఒక మొబైల్ షాపులో కూర్చుంటున్నాడు, జీతం తక్కువ. మంగ్నీ మాత్రం నిలబడింది, పిల్ల తండ్రి షరీఫ్ ఆద్మీ.

ఎవరూ ఎప్పుడూ ఒప్పుకోకూడదా అంటే, అలా నేను అనను. వకీల్ కేసంతా చూసి, ఇది నీకు మేలు చేస్తుంది అంటే, అన్ని మెట్లూ పాటించి వెళ్లొచ్చు. కానీ ‘మేమే టెస్టు అడిగి మా బిడ్డను బరీ చేయించుకుంటాం’ అనే ధీమా వద్దు. 2025 జూన్‌లో బిహార్ నుంచి వచ్చిన అమలేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు నార్కో గురించి ఇదే చెప్పింది. బలవంతంగా చేయడానికి లేదు, అలాగని ముల్జిమ్ తనకు తానుగా కావాలని అడిగితే ఇచ్చి తీరాల్సిన హక్కూ కాదు, ఎప్పుడు ఇవ్వాలో కోర్టు చూస్తుంది అంది.

ఇంకో సంగతి. టెస్టుకు ముందు, తర్వాత జరిగే మాటామంతీయే అసలు ప్రమాదం. మిషన్ పెట్టక ముందే గంటసేపు కూర్చోబెట్టి మాట్లాడతారు. ‘నువ్వు తీయలేదు సరే, ఎవరు తీసి ఉండొచ్చు అనుకుంటున్నావ్?’ అని అడుగుతారు. ఇరవై మూడేళ్ల పిల్లవాడు, బయటపడితే చాలనుకునేవాడు, పక్క కౌంటర్ దోస్త్ పేరు చెప్పేస్తాడు. గుమాన్ గునాహ్ అని సూరా హుజురాత్‌లో చదివిన పిల్లవాడే. రేపు ఆ దోస్త్ ఇంట్లో ఇంకో అమ్మీ ఏడుస్తుంది.

కాగితాల సంగతి చెప్పకపోతే ఈ రాత అధూరా. మా వైపు చాలామంది నా దగ్గరికి కాగితాలు తెస్తారు, ‘భాయ్, జరా పఢ్ కే బోలో’ అని. పిల్లలు ఉర్దూ మీడియంలోనో ఇంగ్లిష్ మీడియంలోనో చదివారు. ఠాణాలో రాసేది తెలుగులో, అదీ దస్తావేజుల తెలుగులో. ‘నా స్వచ్ఛంద ఇష్టపూర్వకముగా, ఎవరి ప్రోద్బలము లేకుండా’ అని రాసి ఉన్న కాగితం కింద, ఆ మొదటి మాట చదవడం కూడా రాని పిల్లవాడి సంతకం చూశాను నేను. ఒకటి కాదు, చాలా. మాట్లాడే తెలుగు వేరు, సంతకం పెట్టించుకునే తెలుగు వేరు. దర్యాప్తులో పోలీసులకు చెప్పిన వాంగ్మూలం మీద సంతకం తీసుకోకూడదని చట్టమే చెబుతోంది, ఈ సంగతి మన ఇళ్లలో పదిమందిలో ఒకరికీ తెలియదు. గవాహ్‌గా పిలిస్తే కాగితం మీద పిలవాలి. ఆడవాళ్లను, 60 దాటినవాళ్లను, 15 లోపు పిల్లలను ఠాణాకు రమ్మనకూడదు, వాళ్ల ఇంటికే వచ్చి అడగాలి. అరెస్టయినవాడికి విచారణ సమయంలో తన వకీల్‌ని కలిసే హక్ ఉంది.

వకీల్‌కి పైసలు లేవంటే లీగల్ సర్వీసెస్ వాళ్ల నంబర్ 15100. ఎక్కడి నుంచి చేసినా ఉచితం. జిల్లా కోర్టు ఆవరణలోనే వాళ్ల దఫ్తర్ ఉంటుంది. మస్జిద్ కమిటీలకు నాదొక గుజారిష్ ఉంది. రాత్రి పంచాయితీకి వచ్చి ‘టెస్ట్ చేయించుకో’ అనే బదులు, జుమ్మా తర్వాత ఒక అరగంట ఎవరైనా వకీల్ సాహెబ్‌ను పిలిచి, ఆ మానవ హక్కుల కమిషన్ నియమాలను ఉర్దూలో, తెలుగులో చదివించండి. ఒక పేజీ కూడా నిండవు. జిరాక్స్ తీసి గోడకి అతికించండి.

టెస్టు వద్దనుకున్నవాళ్లు ఆ మాట ఠాణాలో నోటితో అనకండి, రాసి ఇవ్వండి. పెద్ద భాష అక్కర్లేదు. ‘ఫలానా కేసు దర్యాప్తుకు నేను సహకరిస్తాను. పాలిగ్రాఫ్ పరీక్షకు నా సమ్మతి లేదు.’ కింద పేరు, తారీఖు, సంతకం. తెలుగు రాయడం రాకపోతే ఉర్దూలో రాయండి. తెలంగాణలో 2017 నుంచి ఉర్దూ రెండో అధికార భాష, ఆంధ్రలో 2022 నుంచి. దానికి తెలుగు నకలు జత చేసి, ఒక కాపీ మీద ‘ముట్టినది’ అని స్టాంపు వేయించుకుని ఇంటికి తెచ్చుకోండి. తీసుకోమంటే స్పీడ్ పోస్టులో పంపి, ఆ రసీదు జాగ్రత్తగా పెట్టండి.